నల్ల కప్ప కడుపులో ఉంగరం

ఆ శనివారం పొద్దున వెండెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఓపల్‌ని పడవలో కూర్చోబెట్టుకుని చెరువులోకి వెళ్ళాలి. ఆమె చేత గాలానికి కట్టిన నల్ల రబ్బరు కప్పను విసిరించాలి. ఆపైన నోరు మూసుకుని కూర్చోవాలి. ఈ మూడో పని అతనికి బాగా అలవాటే. ఓపల్ మీద మనసు పడిన ఇన్నేళ్ళలోనూ అతను చేసింది అదొక్కటే.

ఓపల్ రేవు పక్కన చిన్న హోటల్ నడుపుతుంది, భర్త పోయి చాలా కాలమైంది. వెండెల్ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు, అసలు పెళ్ళే చేసుకోలేదు. రోజూ పొద్దున ఆమె హోటల్లో గుడ్లూ మొక్కజొన్న నూక జావా తింటాడు. ఆమె వచ్చి మళ్ళీ కాఫీ పోస్తుందని మొదటి కప్పు నోరు కాలుతున్నా గబగబా తాగేస్తాడు. ఆమె పోస్తూ ఉండగా చెప్పాలనుకున్న మాట గొంతుదాకా వస్తుంది. తీరా నోరు తెరిస్తే, "ఆ ఉప్పు కాస్త ఇలా ఇస్తారా, ఓపల్ గారూ?" అని వస్తుంది. సాయంత్రం ఇంటి వసారాలో రెండు కుర్చీలు వేసుకుని ఒకదాంట్లో కూర్చుంటాడు. రెండోదాని మీద దుమ్ము పడితే తుడుస్తాడు. ఆమె అందులో కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటే బాగుండునని అతనికి ప్రాణం కొట్టుకుపోతుంది.

నాచు కింద దాక్కునే బాస్ అనే చేపల్ని పట్టడం ఆమెకి నేర్పింది అతనే. వేసవి వచ్చేసరికి అలబామాలోని ఆ చెరువుని సగం నాచు కప్పేస్తుంది. మామూలు గాలం వేస్తే చేప బదులు మోపెడు నాచు వస్తుంది. అందుకని అక్కడ బోలు రబ్బరు కప్పను విసురుతారు. దాని కొక్కేలు రెండూ వీపుకి అతుక్కుని ఉంటాయి, చేప నోట్లో నలిగితేనే బయటపడతాయి. మబ్బు పడితే నల్ల కప్ప, ఎండ కాస్తే తెల్ల కప్ప. బరువుకీ గలగలకీ కాళ్ళ దగ్గరి సందులోంచి దాని కడుపులో సీసపు గుండ్లు దూర్చడం అక్కడివాళ్ళ అలవాటు. నాలుగైదుసార్లు విసిరాక కప్ప నీళ్ళు తాగుతుంది, అప్పుడు కడుపు పిండాలి.

వెండెల్ ఆశంతా ఈ పిండడం మీదే. గుండ్లకి బదులు వాళ్ళమ్మ ఉంగరాన్ని నల్ల కప్పలో దూర్చాడు. ఓపల్ పిండుతుంది, ఉంగరం ఆమె చేతిలో పడుతుంది, తను నోరు విప్పక్కర్లేదు. శనివారం మబ్బుగా ఉంటుందని రేడియోలో చెప్పారు. శుక్రవారం సాయంత్రం కప్పల పెట్టె తీసుకెళ్ళి ఆమె కౌంటర్ మీద పెట్టి, "రేపటికండీ" అని ఒక్క మాట అనేసి పరిగెత్తినట్టే వచ్చేశాడు.

తెల్లవారితే మబ్బు తునక లేదు, ఎండ చుర్రుమంటోంది. ఓపల్ టోపీ పెట్టుకుని, ఎండకి చేతి తొడుగులు వేసుకుని వచ్చింది. పడవలో కూర్చుని పెట్టెలోంచి తెల్ల కప్ప తీసింది.

"ఇవాళ నల్లది కట్టండి, ఓపల్ గారూ."

"ఇంత ఎండలోనా? ఎండకి తెల్లది, ఎండకి తెల్లది అని నా చెవులకి చిల్లులు పొడిచింది నువ్వేగా!"

"ఇవాళ చేపల మనసు బాగాలేదండీ."

"నీతో చెప్పుకున్నాయా?"

ఇంతలో ఆమె తమ్ముడు హోయ్ట్ తన పడవ పక్కకి తెచ్చాడు. "అక్కా, ఒక కప్ప పడెయ్యవే! నా కప్పలన్నీ తెగిపోయాయి."

ఓపల్ ఒకసారి వెండెల్ మొహంలోకి చూసింది. చూసి, నల్ల కప్పను తమ్ముడి ఒళ్ళోకి విసిరింది.

"అది కాదు! దానికి చిల్లుంది!" అన్నాడు వెండెల్.

"వాడు పట్టే చేపలకి చిల్లుది చాల్లే."

హోయ్ట్ నవ్వుకుంటూ వెళ్ళి అవతల నాచు దగ్గర ఆగాడు. ఒకడు కప్ప వేస్తున్న నాచులోకి ఇంకొకడు ఇంజనుతో వెళ్ళడం ఆ చెరువు మీద మహా తప్పు. అయినా వెండెల్ పూర్తి వేగంతో అందులోకే వెళ్ళాడు. నాచు చుట్టుకుని ఇంజను చచ్చిపోయింది. తెడ్డు అందుకున్నాడు.

"ఏమిటి నీ కంగారు? నాతో చెప్పకూడదా?" అంది ఓపల్ మెల్లగా.

"ఏం లేదండీ."

ఆమె నిట్టూర్చి నీళ్ళకేసి చూసింది. ఆ నిట్టూర్పు వెండెల్‌కి వినబడింది, అయినా తెడ్డు ఇంకా గట్టిగా వేశాడు.

మర్యాదస్తుడైన వెండెల్ అలా ఎగబడుతున్నాడంటే అక్కడ కొండంత చేప ఉండి ఉంటుందని చుట్టుపక్కల పడవలవాళ్ళు అనుకున్నారు. ఒక్కొక్కరే వచ్చి చుట్టూ మూగారు. అందరూ చూస్తుండగా హోయ్ట్ కప్పను నాచు మీద చిన్నగా గెంతిస్తూ, నాచులో నీళ్ళు కనబడే సందు దగ్గర ఆపాడు. కిందనుంచి చేప ఎగబడింది, నీళ్ళు ఒక్కసారిగా పేలాయి. కప్ప మాయమైంది.

హోయ్ట్ చెయ్యి కదపలేదు. నీళ్ళు పేలగానే లాగితే చేప వదిలేస్తుంది, బరువు చేతికి తెలిసేదాకా ఆగాలి. ఈ పాఠం ఊరందరికీ చెప్పింది వెండెలే.

"లాగు! లాగరా బాబూ!" అని కేకపెట్టాడు వెండెల్.

హోయ్ట్ బెదిరిపోయి లాగాడు. చేప వదిలేసింది. హడావిడిగా వేసిన ముడి జారి కప్ప ఎగిరి నాచు నడిమధ్యన పడింది. వెండెల్ బట్టలతోనే దూకాడు.

రొమ్ములోతు నాచులో తడిమి తడిమి చివరికి కప్పను దొరకబుచ్చుకున్నాడు. పిండాడు. నీళ్ళొచ్చాయి. ఇంకా గట్టిగా పిండాడు. ఉబ్బిన అలసంద గింజ ఒకటి అరచేతిలో పడింది.

"మా అమ్మ ఉంగరం!" అన్నాడు ఏడుపు గొంతుతో. "ఇందులో మా అమ్మ ఉంగరం పెట్టాను! ఓపల్ గారికి... ఓపల్ నన్ను చేసుకుంటుందేమోనని!"

ఓపల్ పడవ అంచుకి వచ్చి ఎడమచేతి తొడుగు తీసింది. ఉంగరం ఆమె వేలికే ఉంది. వదులుగా ఉందని గాలం దారం చుట్టుకుంది.

"నిన్ననే గిన్నెలు తోమే తొట్లో ముంచి పిండాను. కప్పకి చిల్లుందేమో ముందే చూసుకోమని నేర్పావుగా! గలగల తగ్గితే నీకు తెలుస్తుందని వంటింట్లోంచి గింజ వేశాను."

"మరి చెప్పలేదేం?"

"పొద్దున వచ్చి నీ నోటితో అడుగుతావని రాత్రంతా నిద్రపోలేదు. కప్పని వీడికిస్తే అయినా నోరు విప్పుతావనుకున్నాను. ఇన్నేళ్ళూ కాఫీ పోస్తూ ఎదురుచూశాను. బరువు చేతికి తెలిసేదాకా లాగకూడదని నువ్వేగా చెప్పావు. ఇప్పుడు తెలిసింది. ఎక్కు పైకి, ఇంక గారూ లేదు గీరూ లేదు."

"తొందరగా ఎక్కు, బావా!" అన్నాడు హోయ్ట్. "చేపలు బెదురుతున్నాయి."

ఆ సాయంత్రం వసారాలో రెండో కుర్చీని తుడవాల్సిన అవసరం రాలేదు. చెరువు మీద మాత్రం వెండెల్ దూకిన చోట పెద్ద చేప ఉందని జనం ఇప్పటికీ కప్పలు విసురుతూనే ఉన్నారు.