ఇరవయ్యో నంబరు రోడ్డు మీద ఆవులు

శుక్రవారం పొద్దున లైల్ పెట్టుకున్న పని చిన్నదే. కాఫీ చల్లారేలోగా కొత్త స్కానర్‌లో తమ కౌంటీ, అంటే జిల్లా, వైర్‌లెస్ టవరు నంబరు ఎక్కించుకోవాలి. పోలీసులు, ఫైరింజను వాళ్ళు, అంబులెన్సు వాళ్ళు వైర్‌లెస్‌లో చెప్పుకునే మాటలు వినిపించే పెట్టె అది. నెబ్రాస్కా రాష్ట్రంలో మా వైపు ప్రతి వంటింటి గూట్లోనూ ఒకటుంటుంది. లైల్ కొన్నది మాత్రం నెల దాటినా గురక పెట్టడమే తప్ప మాట పలకలేదు. మర్నాడు వాళ్ళ వాకిట్లో పాత సామాన్ల అమ్మకం. "సాయంత్రంలోగా అది ఒక్క పనికైనా రాకపోతే రేపు బల్ల మీద ఉంటుంది," అని భార్య డొరీన్ తేల్చి చెప్పేసింది. ఆవిడ ఆడిన మాట తప్పే మనిషి కాదు.

ఒక్కో శాఖకి ఒక్కో చానెల్ ఉండే రోజులు పోయాయి. ఇప్పుడు రాష్ట్రమంతటికీ ఒకటే ఏర్పాటు. ఏ మాట ఎటు పోవాలో కంప్యూటరే చూసుకుంటుంది, ఊరూరా టవర్లు దాన్ని మోస్తాయి. మీ టవరు ఒక్కటి పెట్టుకుంటే చాలని కొట్టువాడు మరీ మరీ చెప్పాడు. కానీ ఒకటి ఎక్కించే చేత్తో అన్నీ ఎక్కించేస్తే పోలా అనుకున్నాడు లైల్. ఎక్కించేశాడు కూడా. ఇక ఆ పెట్టె ఒక్కో టవరు దగ్గర కాసేపు ఆగి, విని, ముందుకు సాగడం మొదలెట్టింది.

ఆహా, ఏం వినిపించిందని! పడమటి కొసన ఎక్కడో వడగళ్ళు పడుతున్నాయట. నది మీద మంచు ఇంకా విడలేదని అంబులెన్సు డ్రైవరెవరో నిద్రమత్తు గొంతుతో చెబుతున్నాడు. లైల్ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వరండాలో ఊగుడు కుర్చీలో కళ్ళు మూసుకున్నాడు. రాష్ట్రమంతా మెల్లగా అతని కుర్చీ కిందనుంచి సాగిపోతోంది. ఇంత సుఖం ఉంటుందని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే అని దిగులేసింది కూడా.

అప్పుడు వినిపించింది, ఇరవయ్యో నంబరు రోడ్డు మీద నల్లావులు తిరుగుతున్నాయని. లైల్ ఉలిక్కిపడి లేచాడు. ఆ రోడ్డు స్నేహితుడు వెండెల్ కంచె పక్కనుంచే పోతుంది. వెండెల్‌వి నల్లావులే. ఆ రోడ్డు రాష్ట్రం ఈ కొసనుంచి ఆ కొసదాకా అందరి కంచెల పక్కనుంచీ పోతుందన్న సంగతి అతనికి తట్టలేదు. స్కానర్ పనికొచ్చింది, అంతే. వెంటనే వెండెల్‌కి ఫోన్ కొట్టాడు.

వెండెల్ ఊళ్ళో కాఫీ హోటల్లో ఉన్నాడు. అక్కడ కాఫీ తాగే వాళ్ళే ఊరి ఫైరింజను నడిపే వాళ్ళు కూడా. అందరూ కప్పులు వదిలేసి బండ్లెక్కారు. పశువులు తన మాట వింటాయని డొరీన్ కూడా బయల్దేరింది. సాయంత్రం చర్చి విందుకని గాజు పళ్ళెంలో బంగాళాదుంపల క్యాసరోల్ ఓవెన్లో కాలుతోంది. గంట మోగగానే ఆపమని లైల్‌కి చెప్పింది. అతను హెడ్‌ఫోన్ల లోపలినుంచి తలూపాడు.

వెండెల్ ఆవులన్నీ పొలంలోనే హాయిగా నెమరు వేస్తున్నాయి. అయితే పక్కవాడివై ఉంటాయని జనం ఇంకా పడమటికి పోయారు. అవీ పొలంలోనే ఉన్నాయి. ఇంకా పడమటికి పోయారు.

ఈలోగా ఇంట్లో గంట మోగింది. హెడ్‌ఫోన్లలో ఎవరో దూరాన గడ్డి తగలబడుతోందని చెబుతున్నారు. లైల్‌కి పొగ వాసన కూడా తగిలింది. ఎంత మంచి పెట్టె, వాసనతో సహా తెస్తోంది అనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎదురింటావిడ ఓపల్ తన కిటికీలోంచి పొగ చూసి ఫైరింజనుకి ఫోన్ చేసింది. లైల్ ఇల్లు అంటుకుందన్న కబురు మా కౌంటీ టవరు మీదుగా ప్రతి వంటింట్లోనూ మోగింది. ఆ క్షణాన లైల్ పెట్టె మాత్రం రాష్ట్రం ఆ కొసన తప్పిపోయిన కుక్క గురించి వింటోంది.

ఆవుల కోసం పోయినవాళ్ళంతా బండ్లలో కబురు విని వెనక్కి తిప్పారు. ముందు సీట్లో డొరీన్.

వెండెల్ వచ్చి హెడ్‌ఫోన్లు లాగాడు. "ఒరేయ్, నీ కొంప కాలుతోందిరా."

"మన టవరులో చెప్పలేదే," అన్నాడు లైల్.

కాలింది ఓవెనూ క్యాసరోలూ మాత్రమే, గోడ మసిబారింది. డొరీన్ తిట్టలేదు. విందుకి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళనని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. తిట్టినా బాగుండేది. లైల్ తనే స్కానర్ని తీసుకెళ్ళి అమ్మకపు బల్ల మీద పెట్టాడు.

మా ఊళ్ళో ఒకింటికి ఆపద వచ్చిందని స్కానర్ చెబితే, మిగతా ఇళ్ళలో ఓవెన్లు వెలుగుతాయి. సాయంత్రానికి డొరీన్ వరండా నిండా వేడివేడి వంటకాల గాజు పళ్ళాలే. ప్రతిదాని అడుగునా పేరు రాసిన టేపు. చర్చిలో ఎవరూ తినలేనంత మిగిలింది.

మర్నాడు ఎవరో స్కానర్ని బేరమాడుతుంటే లైల్ తల వంచుకున్నాడు. డొరీన్ ఇంట్లోంచి వచ్చి దాన్ని చంకన పెట్టుకుంది.

"ఇది అమ్మం."

"నిన్న పనికి రాలేదుగా," అన్నాడు లైల్ నమ్మలేక.

"ఇన్ని పళ్ళాలు తిరిగివ్వాలి. ఖాళీవి ఎలా ఇస్తాను? నింపి ఇవ్వాలంటే ఎవరింట్లో ఎప్పుడు ఏ ఆపదొస్తుందో నాకు తెలియొద్దూ? మన టవరు ఒక్కటే పెట్టు."

లైల్ పెట్టాడు. ఆ పూట కాఫీ ఇంకా వేడిగానే ఉంది.