ఆరువందల గుడ్లు, రెండు బళ్ళు

ఆ ఆదివారం దేవీప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకల్లా పెందుర్తి దాటాలి. సబ్బవరం వైపు పల్లెదారుల్లో ఓ రెండు గంటలు బండి నడపాలి. హెల్మెట్ మీద బిగించిన కెమెరాతో అదంతా వీడియో తీయాలి. తొమ్మిదింటికి ఇడ్లీ పొట్లాలతో ఇంటికి చేరాలి. సాయంత్రం రుషికొండలో వాళ్ళ రైడింగ్ క్లబ్బు సమావేశం ఉంది. కొత్త కెప్టెన్‌ని అక్కడే ఎన్నుకుంటారు. కెప్టెన్ కావాలనుకునేవాడు మలుపుల దారిలో తీసుకున్న వీడియో ఒకటి చూపించాలని క్లబ్బు నియమం.

దేవీప్రసాద్ పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తాడు. వారమంతా కంటైనర్ల నంబర్లు సరిచూసి, ఆదివారం కోసం బతుకుతాడు. ఆర్నెల్ల క్రితం ఆరువందల యాభై సీసీ బండి కొన్నాడు. తిన్నని రోడ్డు మీద అతన్ని అందుకోవడం కష్టం. మలుపు వచ్చిందంటే మాత్రం వెనకనుంచి ఆటోలవాళ్ళు హారన్ కొట్టేవారు. ఈ సంగతి క్లబ్బులో ఇంకా ఎవరికీ తెలియదు.

అతను వాకిట్లో బండి తుడుస్తుండగా సింహాద్రి వచ్చాడు. సింహాద్రి దేవీప్రసాద్ భార్య రోజారమణికి అన్నయ్య. రెండు వీధుల అవతల ఉంటాడు. కోళ్ళఫారం నుంచి గుడ్లు తెచ్చి, పాత మోపెడ్ మీద పల్లెల్లోని కొట్లకు వేస్తాడు. ఆ రోజు మోపెడ్ వెనక ఇరవై ట్రేలు, అంటే ఆరువందల గుడ్లు, తాళ్ళతో బిగించి ఉన్నాయి. రావివలసలో క్రికెట్ పోటీల సెమీఫైనల్. ఆటగాళ్ళకీ చూడవచ్చినవాళ్ళకీ మధ్యాహ్నం గుడ్డుకూర. పదింటికల్లా గుడ్లు పొయ్యి దగ్గర ఉండాలని వంటమనిషి గంగాభవాని రెండుసార్లు ఫోన్ చేసి చెప్పింది.

"ఏటి బావా, పెళ్ళికొడుకుని సేసినట్టు సేత్తన్నావ్ బండిని?" అన్నాడు సింహాద్రి, చెల్లెలు ఇచ్చిన టీ అందుకుంటూ.

"బండంటే ఇదీ బావా. దీని మీద ఎవుడు కూకున్నా రైడరైపోతాడు."

"బండిదేటుంది? ఇనపముక్క. అంతా సేతిలో ఉంటది. పదకొండేళ్ళ బట్టి నాను ఈ గుంతల్లోంచి గుడ్లు మోత్తన్నాను. ఎప్పుడైనా గుడ్డు పగిలిందని ఎవుడైనా అన్నాడేమో అడుగు."

"ఎలగ పగులుద్ది? నువ్వెల్లే స్పీడుకి గుడ్డు పిల్లయి, దిగి నడిసెల్లిపోద్ది."

సింహాద్రి టీ గ్లాసు గట్టు మీద పెట్టాడు. తన బండిని ఎవరేమన్నా ఊరుకుంటాడు గానీ, తన చేతిని అంటే ఊరుకోడు. వాదన పెరిగింది. గేరు దగ్గర మొదలై టైర్ల దాకా వచ్చి, టైర్ల దగ్గర నుంచి ఎవరు ఎవరికన్నా ముందు సైకిల్ నేర్చుకున్నారనే దాకా వెళ్ళింది. ఇడ్లీ పిండి లేక అసలే చిరాకుగా ఉన్న రోజారమణి లోపలినుంచి ఒక్క కేక వేసింది.

"అంత డౌటయితే బళ్ళు మార్సుకుని ఎల్లండి! ఎవుడి గొప్పేటో తేలిపోద్ది. పొద్దున్నే నా బుర్ర తినీకండి."

ఆమె వాళ్ళ నోళ్ళు మూయించడానికి అంది. వాళ్ళు మాత్రం తీర్పు అనుకున్నారు.

రెండు నిమిషాల్లో పెద్ద బండి మీద లుంగీతో సింహాద్రి, మోపెడ్ మీద నల్ల జాకెట్టు, చేతి తొడుగులు, మోకాళ్ళదాకా బూట్లతో దేవీప్రసాద్ కూర్చున్నారు. దారి చూపించే ఫోను పెద్ద బండి హ్యాండిల్‌కి బిగించి ఉంది. అది దేవీప్రసాద్ వేలు పెడితే తప్ప తెరుచుకోదు. సింహాద్రి ఫోను మోపెడ్‌కి తగిలించిన గుడ్డసంచిలో ఉంది. బయల్దేరే ఉత్సాహంలో ఈ రెండు ఫోన్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"బావా, జాగర్తగా ఇను," అన్నాడు సింహాద్రి. "ముందు బ్రేకు పేరుకే. ఎనక బ్రేకు మూడుసార్లు నొక్కితే గానీ పట్టదు. మలుపులో బ్రేకెయ్యకు. మలుపు రాకముందే తగ్గించీసుకో. నెత్తి మీద నీళ్ళబిందె ఉన్నట్టు పోవాల. నాను సింతలపాలెం దాటాక జీడితోట మలుపు కాడ ఆగుతాను."

పెద్ద బండి ఒక్క ఉరుము ఉరిమి మాయమైంది. మోపెడ్ దగ్గి బయల్దేరింది.

బంగారమ్మపేట వచ్చేసరికి దేవీప్రసాద్‌కి కొంచెం ధైర్యం చిక్కింది. ఊరి మొదట్లో మలుపు ఉంది. ఇండికేటర్ వేద్దామని ఒక మీట నొక్కాడు. అది హారన్. ఆ హారన్ కీచుమంటూ రెండు వీధులకు వినపడుతుంది. గుడ్లు వచ్చాయని ఊరికి అదే గుర్తు. కిరాణా కొట్టు పాపాయమ్మ బుట్ట పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. ఆమెకి రెండు ట్రేలు వేస్తానని సింహాద్రి నిన్న మాటిచ్చాడు. ఇవాళ మరిచిపోయాడు.

దేవీప్రసాద్ బ్రేకు నొక్కాడు. ఒకసారి నొక్కాడు, రెండుసార్లు నొక్కాడు. మూడోసారి నొక్కేలోపు పాపాయమ్మ వెనకబడిపోయింది. ఆగలేకపోతున్నానని చెప్పడానికి చెయ్యి ఊపాడు. పాపాయమ్మకి అది టాటా చెప్పినట్టు కనపడింది. ముఖం కనపడని హెల్మెట్, ఒంటినిండా నల్లబట్టలు, కింద మాత్రం సింహాద్రి బండి. ఆమె గబగబా సింహాద్రికి ఫోన్ చేసింది. వెళ్ళిపోతున్న మోపెడ్ సంచిలోంచి ఆ ఫోను మోగింది.

"ఓలమ్మో! ఫోను కూడా ఎత్తుకెల్లిపోతన్నాడు!" అంది పాపాయమ్మ. వెంటనే చింతలపాలెంలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది.

మాట బండికన్నా వేగంగా నడిచింది. బంగారమ్మపేటలో సింహాద్రి బండి పోయింది. చింతలపాలెం చేరేసరికి సింహాద్రిని కొట్టి బండి లాక్కున్నారు. అక్కడినుంచి రావివలసకి ఫోన్ వెళ్ళేటప్పటికి సింహాద్రిని నూతిలో తోసేశారు. నుయ్యి ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

చింతలపాలెం సెంటర్లో ఇద్దరు పెద్దమనుషులు బండి మీద సిద్ధంగా ఉన్నారు. మోపెడ్ దాటగానే వెంటపడ్డారు. వెనక కూర్చున్నాయన కండువా తీసి గాలిలో తిప్పుతూ "ఆగు! ఆగు!" అని అరిచాడు. హెల్మెట్‌లోంచి దేవీప్రసాద్‌కి అది "సాగు! సాగు!" అని వినపడింది. అద్దంలో చూశాడు. మంచి బండి, తిరుగుతున్న కండువా. పల్లెటూళ్ళో కూడా బండి నడపడమంటే ఇంత అభిమానమా అనుకున్నాడు. వాళ్ళు పందేనికి పిలుస్తున్నారని అతనికి అనుమానం లేకుండా పోయింది. కెమెరా తిరుగుతూనే ఉంది. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు.

అతను యాక్సిలరేటర్ చివరికంటా తిప్పాడు. మోపెడ్‌లో పెద్ద మార్పేమీ రాలేదు. వెనక బండి దగ్గర పడుతోంది. అప్పుడు కుడివైపు కాలవగట్టు కనపడింది. రెండడుగుల వెడల్పు, ఒకవైపు నీళ్ళు, ఇంకోవైపు వరిచేలు. సింహాద్రి చెప్పినట్టు ముందే వేగం తగ్గించి, ఒళ్ళు కొంచెం వాల్చి, గట్టు మీదికి తిరిగాడు. వెనక ట్రేలు చిన్నగా గలగలమన్నాయి గానీ పగిలిన చప్పుడు రాలేదు.

ఆ గట్టు మీద దేవీప్రసాద్ మొట్టమొదటిసారి నిజంగా బండి నడిపాడు. పెద్ద బండి మీద అతను ఎప్పుడూ ముందు చక్రాన్నే చూసేవాడు. ఇక్కడ దూరంగా మలుపు ఎక్కడుందో చూడక తప్పలేదు. గుంత వస్తే సీటు మీద నుంచి కొంచెం లేచాడు. పేడ ఉన్నచోట హ్యాండిల్ని బిగపట్టకుండా వదులుగా పట్టుకున్నాడు. ఎదురుగా నాలుగు మేకలు వస్తే అవి దాటేదాకా కాళ్ళు ఆనించి నిలబడ్డాడు. ఒంట్లో భయం ఎప్పుడు పోయిందో తెలియలేదు. వెనక బండి గట్టు మొదట్లోనే ఆగిపోయింది. పెద్దమనుషులు దిగి, అటూ ఇటూ చూసి, రోడ్డు దారిన తిరిగి వెళ్ళారు. గెలిచానని దేవీప్రసాద్ హెల్మెట్‌లో నవ్వుకున్నాడు. గట్టు దారి తిన్నగా రావివలస పోతుందనీ, జీడితోట మలుపు దానికి తగలదనీ అతనికి తెలియదు.

రావివలస మైదానం దగ్గర నలభైమంది నిలబడి ఉన్నారు. కొందరి చేతుల్లో తాళ్ళు, కొందరి చేతుల్లో వికెట్లు. దేవీప్రసాద్ సరిగ్గా మూడుసార్లు బ్రేకు నొక్కి, వాళ్ళ మధ్యలో మెత్తగా ఆగి, పందెం గెలిచినవాడిలా రెండు చేతులూ పైకెత్తాడు. ఆ చేతులు అలాగే పట్టుకున్నారు.

"సింహాద్రి ఏడీ? ఏటి సేసినావ్ సింహాద్రిని?"

"సింహాద్రి మా బావ! ముందెల్లేడు!"

"ముందెల్నోడు ముందే రావాల కదా?"

నిజానికి అది దేవీప్రసాద్‌కీ వింతగానే ఉంది. ఈలోగా గంగాభవాని గరిటె పట్టుకుని జనంలోంచి దారి చేసుకుని వచ్చింది.

"దొంగో దొరో తరవాత సూసుకుందురు. ముందు గుడ్లు దించండి. నా పొయ్యి మండిపోతంది."

గుడ్లు దించారు. ఒక్కో ట్రే చూశారు. ఇరవై ట్రేల్లో ఒక్క గుడ్డూ పగల్లేదు. సంచిలో ఫోను మోగింది. తెర మీద 'చెల్లి' అని వచ్చింది. ఊరి పెద్ద ఒకాయన ఎత్తాడు.

"అమ్మా, మీ అన్నయ్య బండి ఎత్తుకొచ్చినోడు దొరికీసినాడు."

"ఎలగున్నాడు?" అంది అవతలనుంచి రోజారమణి.

"నల్లకోటు, పెద్ద బూట్లు. నెత్తి మీద కెమెరా ఏదో ఉంది."

"అయ్యో బాబూ, దొంగ కాదు! మా ఆయన! సెయ్యి సేసుకోకండి." ఆమె ఊపిరి పీల్చుకుని అడిగింది. "గుడ్లెన్ని పగలగొట్టేడు?"

"ఒక్కటీ పగల్లేదమ్మా."

"అయితే మా ఆయన అయ్యుండడండి," అంది రోజారమణి.

దాంతో దేవీప్రసాద్‌ని షామియానా కింద కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీ చుట్టూ నలుగుర్ని నిలబెట్టారు. మంచినీళ్ళు ఇచ్చారు. మ్యాచ్ మొదలైంది. కాపలావాళ్ళు ఆట చూస్తున్నారు గానీ ఓవర్ అయిపోగానే ఒకసారి వెనక్కి తిరిగి అతన్ని లెక్కపెట్టుకుంటున్నారు. పెళ్ళాం కూడా గుర్తుపట్టనంత బాగా బండి నడిపానా అని అతను ఆలోచిస్తూ కూర్చున్నాడు. సంతోషించాలో ఏడవాలో తేలలేదు. మరోపక్క బావకి ఏమయిందోనని గుబులు పట్టుకుంది. ఆ బరువైన బండి మీద లుంగీ కట్టుకున్నవాణ్ణి పంపిన పాపం తనదే అనుకున్నాడు.

పదకొండింటికి ట్రాక్టర్ చప్పుడయింది. తొట్టిలో పెద్ద బండి నిలబెట్టి ఉంది. దాని మీద, పడిపోకుండా పట్టుకుని, సింహాద్రి కూర్చుని ఉన్నాడు. నూతిలో పడినవాడు ఊరేగింపుగా రావడం చూసి మ్యాచ్ ఆగిపోయింది.

జరిగింది ఇది. జీడితోట మలుపు దగ్గర సింహాద్రి చెప్పిన ప్రకారం ఆగాడు. పెట్రోలు దండగని ఇంజన్ ఆపేశాడు. పల్లం కదా అని గేరులోనే ఉంచి, సైడ్ స్టాండు వేసి దిగాడు. బావ ఎంతకీ రాలేదు. వెనక్కి వెళ్ళి చూద్దామని బండెక్కి బటన్ నొక్కాడు. బండి పలకలేదు. ట్యాంకు మీద తట్టాడు. బతిమాలాడు. దిగి తోశాడు. బండి ఒక్క అంగుళం కదిలి అతని కాలి మీద నిలబడింది. హ్యాండిల్ మీద ఫోను అతని వేళ్ళు పదింటినీ చూసి ఒప్పుకోలేదు. చివరికి అటు వచ్చిన ట్రాక్టర్ ఆపాడు.

"బావా! బాగానే ఉన్నావా?" దేవీప్రసాద్ కాపలావాళ్ళని తోసుకుని పరుగెత్తాడు.

"నాకేటి? నీ బండే సచ్చిపోయింది," అన్నాడు సింహాద్రి.

దేవీప్రసాద్ తొట్టి ఎక్కి, కాలితో సైడ్ స్టాండు పైకి తన్ని, క్లచ్చు పట్టి బటన్ నొక్కాడు. బండి ఉరిమింది. సింహాద్రి స్టాండు వంకా, బండి వంకా, తర్వాత ఎటో జీడితోట వైపూ చూశాడు.

"గేర్లో ఉండగా స్టాండేసుంటే స్టార్టవదు బావా."

"అది ముందు సెప్పాల కదా!"

"అలగని కాదు గానీ," దేవీప్రసాద్ జాకెట్టు దులుపుకున్నాడు, "ఇప్పుడు తెలిసింది బావా. బండిదేటీ లేదు. ఇనపముక్క. అంతా సేతిలోనే ఉంటది. గట్టు మీద రావాల, సూడాల నువ్వు!"

"సేతిదేటుంది?" అన్నాడు సింహాద్రి కోపంగా. "అది నా బండి! దానికి దారి తెలుసు. దాని మీద మేకని కూకోబెట్టినా రావివలస వచ్చీసి ఆగుద్ది. అంతా బండిలోనే ఉంటది."

బళ్ళతోపాటు వాదనలు కూడా మారిపోయాయని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఊరి పెద్ద చెరొక మాటా విని, ఇద్దరూ బావాబావమరుదులే అని నిర్ధారించుకుని, కాపలా తీసేశాడు. వెంటపడిన పెద్దమనుషులిద్దరూ వచ్చి క్షమించమన్నారు. పందెం కాదని అప్పుడు తెలిసి దేవీప్రసాద్ కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

గుడ్డుకూరతో భోజనం చేస్తూ అతను గట్టు మీది వీడియోని క్లబ్బు గ్రూపులో పెట్టాడు. తన జీవితంలో అంత బాగా ఎప్పుడూ నడపలేదని అతనికి తెలుసు. ఐదు నిమిషాల్లో పన్నెండు జవాబులు వచ్చాయి. పన్నెండుమందీ ఒకటే అడిగారు, నీ బండేదీ అని. సాయంత్రం కెప్టెన్ పదవి పోటీలో ఉన్న ఇంకో సభ్యుడు శివరామకృష్ణకి దక్కింది. ఆయన వీడియో ఆయన ఇంటి గేటు ముందు తీసినది. అయితే అందులో ఉన్నది తొమ్మిదివందల సీసీ బండి.

అది సాయంత్రం సంగతి. మధ్యాహ్నం బయల్దేరేటప్పుడు బావలిద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. గంగాభవాని గరిటెతో సింహాద్రిని దగ్గరికి పిలిచి, వచ్చే ఆదివారం ఫైనల్స్‌కి తొమ్మిదివందల గుడ్లు కావాలంది. ఆటోలో పంపమంది.