సీరం చెప్పిన సాక్ష్యం

వాచీల డాక్టరుగారికి ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు, పెంపుడు పిల్లి. ఆయన ఇంట్లోని రిపేరు బల్ల మీద వాచీ విప్పాడో లేదో, దూకి వచ్చి మరల్నీ ముళ్లనీ తోకతో ఊడ్చేస్తుంది.

“ఆ పిల్లిని ఎవరికైనా ఇచ్చేయవే. నాకు పడట్లేదు,” అన్నాడాయన, రుద్ది రుద్ది ఎర్రబరచుకున్న ముక్కు చూపిస్తూ.

భార్య అలర్జీ ల్యాబులో ఉద్యోగి. “అయితే రక్తం ఇవ్వండి.”

“ముక్కు బాధకి రక్తం దేనికే?”

“పిల్లి పడనివాళ్ల రక్తం తేటలో, అదే సీరంలో, యాంటీబాడీలుంటాయి. ఏ పాపం ఎరగని కణాల మీద ఆ సీరం పోస్తే, ఆ యాంటీబాడీలు వెళ్లి వాటికి అంటుకుని కూచుంటాయి. ఆ తర్వాత పిల్లి ఒంటి పొట్టు కాస్త తగిలిందా, కణాలు రెచ్చిపోయి లోపలున్నదంతా కక్కేస్తాయి.”

“కణాలకంత కోపమా?”

“కణాలు మంచివేనండీ. ఎక్కించేది సీరం. మీ అక్కయ్య వచ్చి వెళ్లాక మీరు ఉండరూ, అలాగ.”

ఆదివారం ఆమె తమ్ముడొచ్చాడు. పిల్లి నీడ చూస్తే చాలు, కిటికీలు అదిరేలా తుమ్ముతాడు. వేరుసెనగలు తింటే గొంతు బిగుసుకుంటుంది. పోల్చి చూడ్డానికని ఆమె ఇద్దరి రక్తమూ తీసి, గొట్టాలకి పేర్లంటించి, చేతులు కడుక్కోడానికి వెళ్లింది. వెంట్రుకంత స్ప్రింగులు బిగించే చేతులకి స్టిక్కర్లొక లెక్కా? చిరగకుండా ఊడదీసి, అటుదిటూ ఇటుదటూ మార్చేసి, మీసం దువ్వుకున్నాడు డాక్టరుగారు.

వారం తిరిగాక ఆమె ల్యాబు నుంచి వస్తూనే, “మీరే గెలిచారండీ. పిల్లికి మీ సీరం భగ్గుమంది. రేపే దాన్ని పంపించేస్తా,” అంది.

“నేనేమైనా అబద్ధాలాడే మనిషినా!”

“మా తమ్ముడి సీరంలోనే ఏమీ లేదు. పాపం, ఇన్నాళ్లూ ఊరికే నోరు కట్టేసుకున్నాడు. వేయించిన వేరుసెనగలు పొట్లం కట్టించి తెచ్చాను. వాడూ నాతోనే వచ్చాడు, హాల్లో కూచుని...”

మిగతాది వినడానికి ఆయనక్కడ లేడు. పంచె ఒక చేత్తో పట్టుకుని హాల్లోకి దూకాడు. “ఒరేయ్, తినకురా! ఉమ్మెయ్! ఆ భగ్గుమన్న సీరం నీదేరా, స్టిక్కర్లు మార్చింది నేనేరా!”

బావమరిది ఖాళీ చేతులు చూసుకున్నాడు. “ఏం తినకూడదు బావా?”

పొట్లమూ లేదు, పాడూ లేదు. వెనకాలే వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడిందావిడ.

“ఏడాదిగా మా ల్యాబు కణాలకి పట్టించేది వీడి సీరమేనండీ. దేనికి ఎంత మండుతుందో నాకు కంఠతా వచ్చు. మీ పేరున్న గొట్టం అచ్చం అలాగే మండింది. పేరు మారిస్తే గుణం మారుతుందా? పిల్లి ఇక్కడే ఉంటుంది.”

డాక్టరుగారు ఛాతీ పొంగించి, బావమరిది వీపు చరిచాడు.

“చూశావురా మీ అక్కని? చుక్క సీరంతో దొంగని పట్టేసింది!”

“ఆ దొంగ నువ్వే కదా బావా?”

“అయితే మాత్రం? ఆషామాషీ మనిషికి దొరుకుతానట్రా నేను!”