వేడినీళ్ళ తొట్టిలో నాలుగో సీటు

నాగరికత అంటే చల్లటి సముద్రం పక్కన వేడినీళ్ళలో మెడదాకా మునిగి కూర్చోవడమేనని ఐస్‌లాండులో చంటిపిల్లకైనా తెలుసు. ఆ లెక్కన పోయిన సెప్టెంబరు వరకూ మాది అనాగరికుల కొంప. ఊరు మొత్తం మీద పెరట్లో తొట్టి లేని ఇళ్ళు రెండే మిగిలాయి. ఒకటి మాది. రెండోదాంట్లో ఎవరూ ఉండరు.

ఇంట్లో మేం ముగ్గురం. ఇల్లు స్టెయిన్‌వోర్‌ది. పదకొండేళ్ళ సల్కా ఆమె కూతురు. నా పేరు బెర్సి. స్టెయిన్‌వోర్‌తో ఎనిమిదేళ్ళుగా కలిసి ఉంటున్నాను. పెళ్ళి చేసుకోలేదు (మా వైపు ఇది విప్లవం కాదు, బద్ధకం). సల్కా కన్నతండ్రి కోల్బెయిన్ మూడు వీధుల అవతల ఉంటాడు. చాలా మంచివాడు. అతని మీద నాకున్న ఏకైక ఫిర్యాదు అదే.

చివరికి మేమూ కొందామని వెళ్తే, కొట్లో అన్నిటికంటే చిన్న తొట్టికి నాలుగు సీట్లు. మూడు సీట్లది లేదా అని అడిగాను.

"ముగ్గురు కూర్చుంటే ఇద్దరు మాట్లాడుకుంటారు, మూడోవాడు ఆకాశం చూస్తాడు," అన్నాడు కొట్టువాడు జాలిగా. "అలాంటివి చెయ్యరు బాబూ."

నాలుగు సీట్లదే ఖాయం చేసుకుని, కనెక్షన్ కోసం ముగ్గురం వేడినీటి పంపిణీ కార్యాలయానికి వెళ్ళాం. అక్కడ సీట్ల కేటాయింపు అధికారిణి ఓడ్నీ. భూగర్భంలోంచి వచ్చే వేడి ప్రజలందరి సొత్తు గనుక, పద్నాలుగో నిబంధన ప్రకారం ఖాళీ సీటును వేడి చెయ్యడం నేరం. ప్రతి సీటుకూ ఒక పేరు, ఆ పేరుకు ఒక బంధుత్వం రాయాలి.

"మీరు ముగ్గురే కనిపిస్తున్నారు. నాలుగో సీటు ఎవరిది?" అంది ఓడ్నీ.

"నాన్నది," అంది సల్కా, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

స్టెయిన్‌వోర్ గోడమీది క్యాలెండరు చూసింది. నేను "ఆ, తప్పేముంది," అన్నాను. (ఇలాంటి మాట గట్టిగా అనకూడదు, మెల్లగానూ అనకూడదు. నేను మధ్యస్థంగా అన్నాను.)

ఓడ్నీ రాసుకుంటూ పోయింది. దరఖాస్తుదారు, స్టెయిన్‌వోర్. కూతురు, సల్కా. కూతురి తండ్రి, కోల్బెయిన్. దానికి అచ్చేసిన గడే ఉంది. నా దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది.

"నువ్వేమవుతావు బాబూ?"

"కలిసి ఉంటానండీ."

"కలిసి ఎవరైనా ఉంటారు. అదో బంధుత్వమా? పెళ్ళయిందా?"

"లేదండీ."

"చేసేసుకోండి మరి. పక్క గదే."

"నీళ్ళతొట్టి కోసం పెళ్ళేమిటి తల్లీ!" అంది స్టెయిన్‌వోర్. "మొదటిది ఇంతకంటే చిన్న కారణానికే చేసుకున్నా. చాలు."

"అయితే అతిథి. శనివారం శనివారం నలభై నిమిషాలు," అని ముద్ర వేసింది ఓడ్నీ.

గొయ్యి తవ్వింది అతిథే. రాళ్ళు మోసింది, గొట్టాలు బిగించింది, నడుము పట్టేసి మూడు రోజులు మంచంమీద మూలిగిందీ అతిథే.

మొదటి శనివారం మధ్యాహ్నం మంచు అడ్డంగా కురుస్తోంది. కోల్బెయిన్ ఎండుచేప, దానికి రాసుకోను వెన్న తెచ్చాడు. నలుగురం తొట్టిలోకి దిగాం. "ఎంత బాగా కట్టావయ్యా బెర్సీ! నేనైతే ఈపాటికి ఇల్లు ముంచేసేవాణ్ణి," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే అతనితో చిక్కు. సల్కా వాళ్ళ లెక్కల టీచరును అనుకరిస్తూ మా ఇద్దర్నీ ఒకే మాట దగ్గర నవ్వించింది.

అప్పుడే కంచె అవతల ఓడ్నీ ప్రత్యక్షమైంది, చేతిలో గడియారంతో. "నలభై మూడో నిమిషం. అతిథి లేవాలి."

"ఈయన అతిథి కాదు," అంది సల్కా. "మా నాన్న."

"మీ నాన్న అటు కూర్చుని చేప తింటున్నాడు కదమ్మా."

"ఆయనా నాన్నే. ఈయనా నాన్నే."

ఎనిమిదేళ్ళలో ఆ మాట నా మీద వాలడం అదే మొదటిసారి. వెన్న అందుకుని కోల్బెయిన్‌కి ఇచ్చాను. ఓడ్నీ మా దరఖాస్తు తీసి రెండువైపులా చూసింది. తండ్రికి గడి ఒకటే ఉంది.

"పైవాళ్ళు తేల్చేదాకా ఇద్దరిలో ఒకరు లేవండి."

మర్యాదకొద్దీ ఇద్దరం ఒకేసారి లేచాం.

"కూర్చోవయ్యా, తవ్వింది నువ్వు," అన్నాడు కోల్బెయిన్, పళ్ళు టకటకలాడుతుంటే.

"నువ్వు కూర్చో, కన్నది నువ్వు."

"ఎవరో ఒకరు కూర్చోండర్రా, నీలంగా అయిపోతున్నారు!" అని అరిచింది స్టెయిన్‌వోర్.

ఈలోగా రెండు సీట్లు ఖాళీగా వేడెక్కుతున్నాయి. నేరం. ఓడ్నీ నిట్టూర్చి, కోటు విప్పి (లోపల ఈతదుస్తులున్నాయి, విధి నిర్వహణలో భాగంగా) తొట్టిలోకి దిగింది. కాళ్ళు చాపితే రెండు సీట్లకూ సరిపోయింది.

పైవాళ్ళ నిర్ణయం ఇంకా రాలేదు. ఓడ్నీ ప్రతి శనివారం వస్తోంది. తనవాళ్ళను ముగ్గుర్ని తెచ్చుకుంటోంది కూడా, సీట్లు నిండాలి కదా. మేం నలుగురం ఊరి ఈతకొలనుకు పోతున్నాం. అక్కడ టికెట్లిచ్చే ముసలాయన తలలు లెక్కపెట్టి, "కుటుంబమా?" అని అడుగుతాడు. అవునంటే నమ్మేస్తాడు.