బోధన్‌లో ఐస్ హాకీ అభిమానులు

శనివారం పొద్దున ఏడున్నర బస్సుకు బోధన్ పోవాలి, రెండు వందల మందిని అడగాలి, రెండు వందల ఫారాలు నింపాలి, సాయంత్రం ఐదింటి బస్సుకు తిరిగి నిజామాబాద్ రావాలి. నిరోష వేసుకున్న లెక్కలో ఎక్కడా వంకర లేదు. ఫారాలను యాభై చొప్పున నాలుగు కట్టలు కట్టి, కట్టకో పెన్ను గుచ్చి సంచిలో పెట్టుకుంది.

తల్లి గంగమణి గడప దగ్గర ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. "ఇయ్యాల ఏం అడుగుతవు బిడ్డా?" అంది.

"ఫుట్‌బాల్ ఇష్టమా, ఐస్ హాకీ ఇష్టమా అని అడుగుత."

"అడిగి?"

"రాసుకుంట."

"రాసుకొని?"

"సార్‌కు ఇస్త."

గంగమణి చేతులు ఒక్క క్షణం ఆగాయి. "గందుకు డిగ్రీ కావాల్నా?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి నిరోషే కాబట్టి, చదివినవాళ్లు ఏం పని చేస్తారో ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

ఖలీల్‌వాడిలో మెట్ల కింద ఉన్న సర్వే ఆఫీసులో నిరోషకు మూడు నెలల ట్రయల్ ఆ సోమవారంతో అయిపోతుంది. ఆమెతోపాటు చేరిన అఖిలేష్‌కూ అంతే. ఉద్యోగం మాత్రం ఒక్కటే. ఆఫీసు నడిపే రాజేందర్ ఆ సంగతి ఇద్దరికీ కలిపే చెప్పాడు. హైదరాబాద్‌లో ఆట సామాన్లు తయారుచేసే కంపెనీ ఒకటి, విదేశీ కంపెనీతో కలిసి కొత్త సరుకు తీయబోతోందట. ఏ ఆటకు అభిమానులు ఎక్కువో చిన్న ఊళ్లలో కనుక్కోమంది. అఖిలేష్‌కు ఆర్మూర్, నిరోషకు బోధన్.

"సార్, కబడ్డీ అనేటోళ్లకు గడి లేదు," అంది నిరోష ఫారం చూసి. "క్రికెట్‌కు గూడ లేదు."

"కంపెనోళ్లు అడిగింది రెండే. రెండు గడీలు, ఒక టిక్కు. ముచ్చట్లు రాసుడు లేదు. సమజ్ కానోళ్లకు గీ బొమ్మ చూపియ్యి," అని రాజేందర్ ఒక అట్ట ఇచ్చాడు.

అట్ట మీద రెండు బొమ్మలున్నాయి. ఎడమ పక్క నిక్కరేసుకున్న ఒక మనిషి బంతిని తంతున్నాడు. కుడి పక్క ఇంకొకడు తెల్లటి నేల మీద నిలబడ్డాడు. వాడి నెత్తికి టోపీ, చేతులకు మందపాటి గ్లౌజులు, మోకాళ్ల నుంచి పాదాల దాకా కవచాలు, కాళ్లకు బూట్లు, చేతిలో పొడుగు కట్టె.

బోధన్ బస్టాండు బయట జామకాయలు అమ్మే అనసూయమ్మ దగ్గర నిరోష పని మొదలుపెట్టింది.

"అవ్వా, నీ పేరు, ఫోన్ నంబరు చెప్పు. రాసుకుంట."

"ఏమొస్తది?"

"ఏం రాదవ్వా. ఊకెనే అడుగుతున్న."

అనసూయమ్మ ఆమెను కింది నుంచి మీది దాకా చూసింది. "ఏం రాకుంటె నిజామాబాద్ నుంచి బస్సెక్కి ఎందుకొచ్చినవు? మొన్న సర్కారోళ్లు ఇంటింటికి తిరిగి రాసుకున్నప్పుడు గూడ ఏం రాదన్నరు. మా మరదలు రాయియ్యలేదు. ఇప్పటిదాంక ఆఫీసుల చుట్టు తిరుగుతున్నది. నువ్వైతె రాయి."

"ఇది ఆటల ముచ్చట అవ్వా. నీకు ఏ ఆట ఇష్టం?"

"ఏది రాస్తె మంచిదో నువ్వే చెప్పు."

అట్లా చెప్పకూడదు. ట్రైనింగు పుస్తకంలో ఆ మాట కింద రెండు గీతలున్నాయి. నిరోష అట్ట చూపించింది. సరిగ్గా అప్పుడే జామకాయలకు వచ్చిన రామ్‌దాస్ కూడా తల వంచి చూశాడు. అతను చెరుకు కొట్టే కూలీల మేస్త్రి. కాలువ కింద ఇంకా మిగిలిన చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర బార్డర్ ఊళ్ల నుంచి నలభై మందిని తెచ్చుకున్నాడు. అతని రెండు చేతుల మీద, చెరుకాకు కోసిన గీతలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

"అరే, గిది మాకే గదా!" అన్నాడు రామ్‌దాస్.

"కాదన్నా, ఇది ఆట."

"ఆట ఆడేటోనికి మోకాళ్లదాంక గవెందుకు? పాము కాటుకే గద! గ్లౌజులు చూడుండ్రి, ఆకు తగలకుంట. కట్టె దేనికి? చెరుకుల అడవిపంది ఉంటె కొట్టనీకె. కింద చక్కెర గూడ పరిచిండ్రు, ఇంకేం కావాలె?"

"అది చక్కెర కాదన్నా, మంచు."

"బోధన్‌ల మంచేడిది మేడం?" అన్నాడు రామ్‌దాస్, చాలా మర్యాదగా.

ఎడమ పక్క మనిషిని కూడా రామ్‌దాస్ న్యాయంగానే చూశాడు. "వీనికి ఉత్త నిక్కరే ఇచ్చిండ్రు పాపం," అని పెదవి విరిచి, కుడి పక్క టిక్కు పెట్టించుకున్నాడు. అనసూయమ్మ కూడా కుడి పక్కే అంది. ఆమె కొడుకు చెరుకు బండి తోలతాడు.

రామ్‌దాస్ ఫోన్ తీశాడు. అరగంటలో ట్రాక్టరు నిండా కూలీలు దిగారు. ఒక్కొక్కరి చేతిలో ఆధార్ జిరాక్సు, పాస్‌పోర్టు ఫొటో.

"ఆధార్ అక్కర్లేదు," అంది నిరోష.

"ఉండనియ్యిండ్రి మేడం, తర్వాత మల్ల అడుగుతరు," అన్నారు వాళ్లు.

నిరోష గట్టిదే. ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. ప్రతి మనిషికీ మూడు మాటలు చెప్పాలి: ఇది ఆట, ఏమీ ఇవ్వరు, మీకు ఏ ఆట ఇష్టం. మూడూ విన్నాకే టిక్కు. వరసలో మొదటివాడికి ఎంత స్పష్టంగా చెప్పిందో వందోవాడికీ అంతే స్పష్టంగా చెప్పింది. వందోవాడు మొదటివాడి లాగే, "సరే మేడం, ఇయ్యకున్న మంచిదే, నాకు గా కుడి పక్కదే ఇష్టం," అన్నాడు. ఇష్టమని అన్నాక రాసుకోవడం ఆమె డ్యూటీ.

ఒంటిగంటకు రెండు వందల ఫారాలు అయిపోయాయి. నిరోష సంచి సర్దుకోబోయింది. వరస మాత్రం అంబేద్కర్ చౌరస్తా వైపు ఇంకా పెరుగుతూనే ఉంది. ఎవరో ఖాళీ ఫారం ఒకటి జిరాక్సు షాపుకు పట్టుకుపోయి మూడు వందలు తీయించుకొచ్చారు.

"పొద్దుగాల నుంచి నిలబడ్డం మేడం. వాళ్లను రాసి మమ్మల్ని రాయకుంటె ఎట్ల?" అంది వరసలో ఒకామె. బస్సు మలుపు తిరగలేక హారన్ కొడుతోంది. నిరోషకు కూడా ఆమె మాట న్యాయంగానే తోచింది. మళ్లీ కూర్చుంది.

రెండింటికి మైకు కట్టిన ఆటోలో సిద్దిరాములు వచ్చాడు. ఆయన పక్క ఊరి పాత సర్పంచ్, మళ్లీ సర్పంచ్ అవుదామనే పట్టులో ఉన్న మనిషి. "అన్నలారా, అక్కలారా! చెరుకు రైతుల కష్టం, కూలీల కష్టం చూసి, నేను పైన మాట్లాడి తెప్పిస్తున్న కిట్లు..." అని ఆటోలోంచే మొదలుపెట్టాడు.

నిరోష లేచి వెళ్లి ఆయన చేతిలోంచి మైకు తీసుకుంది. అంతవరకు జీవితంలో మైకు పట్టుకోని పిల్ల.

"అందరు వినుండ్రి! కిట్లు రావు! ఇది గవర్నమెంటుది కాదు. ఐస్ హాకీ అని మంచు మీద ఆడే ఆట. ఇష్టముంటెనే రాయియ్యిండ్రి, లేకుంటె ఇంటికి పోండ్రి!"

జనం చివరిదాకా విన్నారు. తర్వాత చప్పట్లు కొట్టారు. ఒక్కరు కూడా కదల్లేదు.

సిద్దిరాములు మైకు తిరిగి తీసుకొని జాలిగా చెప్పాడు: "ఆర్డరు వచ్చేదాంక వాళ్లు గట్లనే చెప్పాలె. ఆ అమ్మను తిప్పలు పెట్టకుండ్రి. లైను తప్పకుండ్రి." అంతలో ఆయన ఫోన్ మోగింది. ఏర్గట్ల నుంచి చుట్టం. పసుపు ఉడకబెట్టేవాళ్లకు చేతులు కాలుతున్నాయని, వాళ్లకు గ్లౌజులు ఎందుకు లేవని నిలదీస్తున్నాడు. "రెండో విడతల మీకే!" అని సిద్దిరాములు మాటిచ్చేశాడు.

నాలుగింటికి నిరోషకు ప్రాణం లేచొచ్చే సంగతి ఒకటి జరిగింది. డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు వరసలో కనిపించింది. పదకొండు మంది ఆటగాళ్లు, ఇద్దరు అదనం, వాళ్లను ఆడించే సారు. ఆట పేరు విని వచ్చింది ఆ రోజు మొత్తంలో వాళ్లు మాత్రమే. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఎడమ పక్క గడికి టిక్కు పెట్టించుకుంటుంటే నిరోష కళ్లు చెమ్మగిల్లాయి. వెనక నిలబడ్డవాళ్లు మాత్రం, "సదువుకున్నోళ్లు గూడ ఆగమైతున్నరు, చెప్పుండ్రి ఎవరన్న," అని నొచ్చుకున్నారు.

చివర గోల్‌కీపర్ బంటి వచ్చాడు. అట్ట వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"అక్కా, గా గ్లౌజులు మంచిగున్నయి."

"నీకు ఏ ఆట ఇష్టం తమ్మీ?"

బంటి వెనక్కి తిరిగి జట్టు వైపు చూశాడు, తన చిరిగిన గ్లౌజుల వైపు చూసుకున్నాడు. "కుడి పక్కది రాయి. సార్‌కు చెప్పకు," అన్నాడు మెల్లగా.

ఐదింటి బస్సు వెళ్లిపోయింది. ఆరింటి బస్సులో నిరోష గొంతు లేకుండా నిజామాబాద్ చేరింది. రాజేందర్ ఆఫీసులోనే ఉన్నాడు. ఫుట్‌బాల్ పదమూడు, ఐస్ హాకీ మూడు వందల తొంభై ఎనిమిది.

రాజేందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "బోధన్‌ల ఐస్ హాకీకి నాలుగు వందల మందా? ఎవడన్న నమ్ముతడా? గీ అఖిలేష్‌ను చూడు. ఆర్మూర్‌ల ఫుట్‌బాల్ నూట పద్దెనిమిది, ఐస్ హాకీ ఎనభై రెండు. ఎంత ముద్దుగున్నది లెక్క!"

పక్కనే నిలబడ్డ అఖిలేష్ వినయంగా నేల చూశాడు. అతని ఫారాలకు మడతలు కూడా లేవు. ఒకదాని మీద చాయ్ గ్లాసు గుండ్రటి మరక మాత్రం ఉంది.

"వాళ్లు చెప్పిందే రాసిన సార్," అంది నిరోష, ఉన్న కొంచెం గొంతుతో.

"చెప్తరు. నువ్వు అర్థం చేస్కోవాలె. రెండు వందలే ఉంచు, అండ్ల నూట ఇరవై ఫుట్‌బాల్‌కు మార్చు. కంపెనోళ్లు నవ్వితె నాకు మల్ల పనిస్తరా? మార్చకుంటె సోమవారం వచ్చి ఆఫీసు కార్డు ఇచ్చి పో."

ఆదివారం నిరోష కంప్యూటర్ సెంటర్లో కూర్చొని నాలుగు వందల పదకొండు ఫారాలూ ఎక్కించింది. ఒక్క టిక్కు మార్చలేదు. చివర ఒక కాగితం జత చేసింది: 'వీరు ఆటను చూసి కాదు, బొమ్మలోని గ్లౌజులు, కాళ్ల కవచాలు చూసి టిక్కు పెట్టించారు. ఇది ఆట అని, ఏమీ ఇవ్వరని ప్రతి ఒక్కరికీ చెప్పాను. ఒప్పుకోలేదు. చెరుకాకు చేతులు కోస్తుంది కాబట్టి వారిని తప్పు పట్టడానికి లేదు.' అన్నీ కంపెనీకి పంపేసింది. ఇరవై నాలుగు గంటల్లో పంపాలని పుస్తకంలో ఉంది.

సోమవారం పదకొండింటికి నిరోష కార్డు మెడలోంచి తీసి రాజేందర్ బల్ల మీద పెట్టింది. అప్పుడే ఫోన్ మోగింది. హైదరాబాద్ కంపెనీ నుంచి లత మేడం. రాజేందర్ స్పీకర్ పెట్టి, "మేడం, బోధన్ లెక్క జర తప్పు పడ్డది, ఆ అమ్మాయిని తీసేస్తున్నం..." అన్నాడు.

"ఒక్క నిమిషం," అంది లత. "ఒక్కో ఊరి లెక్కలోంచి పది నంబర్లకు ఫోన్ చేశాం. ఆర్మూర్‌లో తొమ్మిది నంబర్లు అసలు లేవు. పదో ఆయన ఎత్తాడు. ఫారంలో పేరు హన్మండ్లు, వయసు ఇరవై రెండు, టిక్కు ఫుట్‌బాల్‌కు ఉంది. ఆయనేమో 'నాకు ఆటలంటేనే పడదు, పొద్దుగాల్నే ఫోన్లు చేయకు' అని కసిరి పెట్టేశాడు. నంబర్ చెప్తాను, రాసుకోండి."

రాజేందర్ రాసుకున్నాడు. ఆరు అంకెలు రాసేసరికి పెన్ను ఆగింది. అది అతని నంబరే. తొమ్మిదింటికి కసిరింది కూడా అతనే. తల ఎత్తి చూసేసరికి, అప్పటిదాకా పక్కనే కూర్చున్న అఖిలేష్ కుర్చీ ఖాళీగా ఉంది.

"మరి బోధన్ మేడం?" అన్నాడు రాజేందర్ సన్నగా.

"పదికి పది మంది ఎత్తారు. మేం అడగక ముందే ఐస్ హాకీ అన్నారు. ఒకాయన బూటు తొమ్మిదో నంబరు అని రాసుకోమన్నాడు. ఒకామె జామకాయలు పంపిస్తానంది. ఆ అమ్మాయి ఉందా అక్కడ?"

"ఉన్న మేడం," అంది నిరోష.

"నీ పట్టిక ఒకటి చెప్తోంది, నీ కాగితం ఇంకొకటి చెప్తోంది. ఏది నమ్మాలమ్మా?"

"రెండు నిజమే మేడం. గడి ఉన్నది గడిల రాసిన. గడి లేనిది కాయితం మీద రాసిన."

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. తర్వాత లత అంది: "మేం ఆట అమ్మం, సామాను అమ్ముతాం. ఆ గ్లౌజులు, కవచాలు కావాలన్నది నిజంగా ఎంతమంది?"

"మూడు వందల తొంభై ఎనిమిది మేడం. అండ్ల ఒక్కడు గోల్‌కీపర్."

"చెరుకు కొట్టేవాళ్ల చేతులు కొలిచి రావాలి. వచ్చే వారం పోతావా? రాజేందర్ గారూ, ఈ పనికి ఈ అమ్మాయే కావాలి. లేకపోతే మీ ఆఫీసు వద్దు."

రాజేందర్ బల్ల మీది కార్డు తీసి, దుమ్ము లేకపోయినా చొక్కాకు తుడిచి, నిరోష చేతికిచ్చాడు. "గట్టిదానివే," అన్నాడు. నిరోష కార్డు మెడలో వేసుకొని, కొలత టేపు ఎక్కడుందని అడిగింది.

ఆటల పట్టికను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అది ఉన్నదున్నట్టుగా విదేశీ కంపెనీకి వెళ్లింది. మంచు పడని ఊళ్లో ఐస్ హాకీకి ఇంత అభిమానం ఎట్లా పుట్టిందో తెలుసుకోవడానికి వాళ్లిప్పుడు ఇంకో సర్వే చేయిస్తున్నారు.