తోడు కేంద్రం, ఔట్‌డోర్ యూనిట్

మానసిక రోగి అన్నవాడు ఇకమీదట దేశంలో ఒంటరిగా ఉండడానికి వీల్లేదని ఆరోగ్యశాఖ మంత్రిగారు సోమవారం పత్రికలవారికి ప్రకటించారు. మాట అనేసి ఊరుకునే మనిషి కాదాయన. మంగళవారానికల్లా పెద్దాసుపత్రి వెనకగదికి తాళం పడింది.

ఆ గదిలో తొమ్మిదేళ్లుగా మంగళవారం మంగళవారం ఏడెనిమిది మంది కూర్చునేవారు. వాళ్లను కూర్చోబెట్టింది ఒకప్పటి బస్సు కండక్టరు. స్కిజోఫ్రీనియాతో ఉద్యోగం పోయి, మూడుసార్లు వార్డులో పడి, మాత్రలతో నిలదొక్కుకున్న మనిషి. ఆయన పద్ధతి మరీ పాతకాలంది. బస్సులో లెక్కపెట్టినట్టే తలలు లెక్కపెడతాడు. ఒక తల తగ్గితే ఇద్దరు వెళ్లి ఆ ఇంటి తలుపు తడతారు. అలా తట్టబట్టే ఇవాళ బతికి ఉన్నవాళ్లు వాళ్లలో ఇద్దరున్నారు. నెల కిందట చేరిన టీచరమ్మ ఇంకా నోరు విప్పలేదు గాని, మానకుండా వస్తోంది. కూర్చునే చోటు పోతే ఆమె మళ్లీ ఇంట్లో గడియ పెట్టుకుంటుందని కండక్టరు బెంగ.

ఆసుపత్రి డైరెక్టరుగారు కండక్టరుకు ఎంతో ఓపిగ్గా వివరించారు.

"ఇక్కడ తోడు కేంద్రం పెడుతున్నామయ్యా. మీలాంటివాళ్లు కలిసి కూర్చోడానికి."

"కూర్చునే ఉన్నాం కదండీ."

"అందుకే ఖాళీ చెయ్యమంటున్నాను. మీరు లేస్తే గాని పథకం మొదలవ్వదు."

కండక్టరు అందర్నీ రోడ్డవతల బస్‌షెల్టర్‌కు నడిపించాడు.

ప్రారంభోత్సవానికి అసలు రోగులు కావాలన్నారు. వీళ్లు ఇస్త్రీ బట్టలతో వెళ్లారు. మంత్రిగారి పీఏ ఎగాదిగా చూసి, రోగుల్లా లేరని తిప్పి పంపేశాడు. కుర్చీల్లో పార్టీ కార్యకర్తలు జుట్టు చెదరగొట్టుకుని కూర్చున్నారు. మంత్రిగారు ఒకతన్ని హత్తుకుని కంటతడి పెట్టారు. అతను అదే అదనుగా పార్టీ వార్డు అధ్యక్ష పదవి సంగతి ఆయన చెవిలో వేశాడు.

ఇక తోడు అధికారి పోస్టు. అర్హత, ఆ జబ్బు అనుభవించి ఉండడం. గది తిరిగొస్తుందన్న ఆశతో కండక్టరు ఇంటర్వ్యూకు వెళ్లాడు. మనుషులు లేకుండానే ఇంకా గొంతులు వినిపిస్తున్నాయా అని అడిగారు.

"అప్పుడప్పుడండీ. పట్టించుకోను."

"వినిపిస్తే మెడికల్‌గా అన్‌ఫిట్. వినిపించకపోతే జబ్బు లేనట్టే, అనర్హుడివి" అన్నారు డైరెక్టరుగారు. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

పోస్టు మంత్రిగారి బావమరిదికి దక్కింది. అతని దగ్గర రెండు సర్టిఫికెట్లున్నాయి. ఒకదాని ప్రకారం జబ్బు తీవ్రం, రెండోదాని ప్రకారం పుట్టి బుద్ధెరిగి ఏ జబ్బూ లేదు. రెండింటి మీదా ఒకే డాక్టరు, ఒకే పూట సంతకం. ఇంతటి సమగ్రమైన అభ్యర్థి దొరకడం శాఖ అదృష్టం. కండక్టరు మాత్రం బస్‌షెల్టర్‌కు వచ్చి, ఎవరికీ కనపడకుండా కళ్లు తుడుచుకున్నాడు.

మూడు నెలలు బావమరిది ఏసీ గదిలో ఒక్కడే కూర్చున్నాడు. ఫొటో, ఆధార పత్రాలు, గెజిటెడ్ సంతకం తెస్తే తప్ప తోడు ఇవ్వరని తెలిసి రోగులెవరూ ఆ గడప తొక్కలేదు. అంతలో పైనుంచి తనిఖీ బృందం దిగింది. గది ఖాళీగా ఉందేమని అడిగారు. డైరెక్టరుగారు తొణకలేదు. కిటికీ తెరిచి రోడ్డవతలకు చూపించారు.

"అది మా ఔట్‌డోర్ యూనిట్."

బృందం రోడ్డు దాటి అరగంట నిలబడి చూసింది. మిమ్మల్ని ఎవరు చూసుకుంటారని కండక్టర్ని అడిగారు.

"ఎవరూ చూడరండి. మమ్మల్ని మేమే చూసుకుంటాం."

సిబ్బంది ఖర్చు లేకుండా ఇంతటి సేవ ఎక్కడా చూడలేదని రాసుకుపోయారు. ఉత్తమ కేంద్రం అవార్డు వచ్చింది. బావమరిది శాలువా కప్పించుకున్నాడు. ఔట్‌డోర్ యూనిట్‌ను అంతర్జాతీయ స్థాయికి తీసుకెళ్తామని మంత్రిగారు ఆ వేదిక మీదే మాటిచ్చారు.

మాట తప్పలేదు. మరుసటి మంగళవారానికల్లా రంగు డబ్బాలు, రేకులు, మేకులు దిగాయి. బస్‌షెల్టర్ చుట్టూ తాడు కట్టడం మొదలైంది.

"ఇదంతా మీ కృషి ఫలితమేనయ్యా" అన్నారు డైరెక్టరుగారు. "కాస్త లేస్తారా?"

అందరూ లేచారు. ఇక ఎక్కడ కూర్చోవాలో కండక్టరు అప్పటికే ఒక చోటు చూసి పెట్టుకున్నాడు. చెప్పబోతుంటే టీచరమ్మ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. నాలుగు నెలల్లో ఆమె గొంతు వినడం అందరికీ అదే మొదలు.

"పైకి చెప్పకండి అన్నయ్యా. వాళ్లు వింటున్నారు."

అది జబ్బు వల్ల వచ్చిన భయమని ఎవరూ ఆమెకు నచ్చజెప్పబోలేదు. కండక్టరు అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు.