పండుకున్నోనికే ఇన్సూరెన్స్

ఆ ఉదయం భూమయ్య అనుకున్నది చాలా చిన్న పని. రూవిలో ఆసుపత్రికి వెళ్లి మోకాలు చూపించుకోవాలి, మందులు తెచ్చుకోవాలి, మధ్యాహ్నానికి అల్ హైల్ సైట్‌లో డ్యూటీకి నిలబడాలి. యాభై తొమ్మిదేళ్ల మనిషి. ఇరవై ఏళ్లుగా ఈ ఎడారి దేశంలో మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ పరిచి పరిచి కుడి మోకాలు కొబ్బరికాయంత వాచింది. సర్కారు రూలు ఉందని కంపెనీ చేయించిన ఇన్సూరెన్స్ కార్డు జేబులో ఉంది. ఒకే రూమ్‌లో ఉండే ఓంకార్ తోడొచ్చాడు. బస్సు అరగంట ఆలస్యమైంది గనుక, ఆసుపత్రి చేరేసరికే భూమయ్య కోపం సగం ఉడికి ఉంది.

కౌంటర్ దగ్గర జాహిదా అనే అమ్మాయి కార్డు చూసి, "ఓపీ ఇధర్ నహీ హై, చాచా. ఇధర్ సిర్ఫ్ అడ్మిషన్..." అంటూ ఇంకేదో చెప్పబోయింది.

ఓపీ ఇక్కడ లేదు, ఇక్కడ అడ్మిషనే అన్న ముక్క వినబడింది, భూమయ్యకు అంత చాలు. కార్డు లాక్కుని, కుంటుకుంటూ బయటికొచ్చి, చాయ్ తాగుతున్న ఓంకార్ మీద పడ్డాడు.

"నడిచొచ్చి సూపించుకుంటే ఈ కార్డు పనికిరాదటరా! మంచమెక్కి పండుకున్నోనికే ఇన్సూరెన్సట! ముసలోడు కాలీడ్సుకుంట అస్తే ఎల్లగొడ్తరా? ఎవడు రాసిండురా ఈ రూలు?"

"గట్లనా? అయితే పండుకో కాకా," అన్నాడు ఓంకార్. గుమ్మం పక్కన ఖాళీగా ఉన్న వీల్‌చైర్ తోసుకొచ్చాడు. "మోకాలంటే మల్ల ఎల్లగొడ్తరు. ఛాతిల నొప్పి అందాం. మంచం దొరికినంక మోకాలు సూపిద్దాం. నువ్వు జర మూలుగు."

"నేను మూలుగ. నాకు సిగ్గున్నది."

మూలిగే అవసరం రాలేదు. ఎమర్జెన్సీలో నర్సు సూది గుచ్చగానే భూమయ్య వేసిన కేకకు డాక్టర్ ఎహసాన్ పరుగున వచ్చాడు. బీపీ చూశాడు. నూటతొంభై. "అడ్మిట్ కరో!" అన్నాడు.

మంచం దొరికింది. మోకాలికి మాత్రం దిక్కు లేదు. భూమయ్య దాన్ని చూపించబోయిన ప్రతిసారీ "ఆరామ్ సే, బాబా" అంటూ నర్సు దుప్పటి కప్పేది. దుప్పటి కప్పినప్పుడల్లా బీపీ పెరిగింది. బీపీ పెరిగినప్పుడల్లా ఇంకో పరీక్ష రాశారు. అన్నం పెట్టకూడదన్నారు.

ఆసుపత్రి ఫోన్ చేస్తే కంపెనీ సూపర్‌వైజర్ ఇక్బాల్ వచ్చాడు. మంచానికున్న వైర్లు చూసి, "హార్ట్ పేషెంటా? వీసా క్యాన్సల్. ఘర్ భేజో," అన్నాడు.

ఇంటికి పంపేస్తారన్న మాట భూమయ్యకు అర్థమైంది. ఊళ్లో మనవరాలు నర్సింగ్ రెండో ఏడాదిలో ఉంది, ఫీజు తనే కట్టాలి. మోకాలి కోసం వచ్చి ఉద్యోగం పోగొట్టుకున్నానా అనుకున్నాడు.

ఇంతలో అడ్మిషన్ కాగితాలతో జాహిదా వచ్చింది. అతన్ని చూసి నోరు తెరిచింది. ఓపీ ఈ కౌంటర్‌లో కాదు, రెండో అంతస్తులో ఉందని చెప్పేలోపే వెళ్లిపోయారేమిటని హిందీలో మొత్తుకుంది. డాక్టరుకు చూపించుకుని అదే రోజు ఇంటికెళితే ఓపీ, మంచమెక్కితే అడ్మిషన్. ఆ కార్డుకు రెండూ ఉన్నాయట.

భూమయ్య ఓంకార్‌ను చూశాడు. ఓంకార్ ఫ్యానును చూశాడు.

"నా గుండె మంచిగనే ఉన్నది! మోకాలురా! మోకాలు!" వైర్లు పీకేసి భూమయ్య మంచం మీంచి దూకాడు. కుడికాలు ఆనలేదు. వెళ్లి ఇక్బాల్ మీద పడ్డాడు. ఇద్దరినీ లేపబోయిన ఎహసాన్ కంటికి మొదటిసారి ఆ మోకాలు కనిపించింది.

"ఎన్ని రోజుల నుంచి?"

"రెండేండ్లాయె! పొద్దుగాల్నుంచి మొత్తుకుంటనే ఉన్న!"

ఎహసాన్ మోకాలు నొక్కి చూశాడు. ఈసారి కోపం అతనికొచ్చింది. ఈ మనిషిని ఇంకా నేల మీద కూర్చోబెడుతున్నారా అని ఇక్బాల్‌ను కడిగేశాడు. గుండెకు ఏ లోపమూ లేదని, కుర్చీలో కూర్చునే పనే ఇవ్వాలని కాగితం రాసిచ్చాడు. ఇక్బాల్ స్టోర్‌లో పని ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. మందులు కార్డు మీదే వచ్చాయి.

డిశ్చార్జి కాగితంలో జబ్బు పేరు రాయాల్సిన చోట ఎహసాన్ కాసేపు కలం ఆపి, కోపానికి ఇన్సూరెన్స్ వర్తించదు గనుక, బీపీ అని రాశాడు.